ఏరియేటర్ ఆగినా లేవని మనిషి: ఇంట్లో ఒకరి మనసు బాగోలేనప్పుడు ఏం చేయాలి

మా బాబాయిది భీమవరం పక్క పల్లె. చాలా ఏళ్ళుగా రొయ్యల చెరువులు చేస్తున్నాడు. రాత్రిపూట నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తెల్లారేదాకా తిరుగుతూనే ఉండాలి. కరెంటు పోయి ఆ చప్పుడు ఆగిందంటే చాలు, ఎంత గాఢనిద్రలో ఉన్నా ఒక్క ఉదుటున లేచి జనరేటర్ దగ్గరికి పరిగెత్తేవాడు. అలాంటి మనిషి ఒక రాత్రి షెడ్డులో మంచం మీద కళ్ళు తెరుచుకునే పడుకుని ఉన్నాడు. ఏరియేటర్లు ఆగిపోయి ఉన్నాయి. కాపలా కుర్రాడు వచ్చి పిలిస్తే "విన్నాన్లే" అన్నాడట. లేవలేదు.

ఈ సంగతి తెలిశాక కూడా మేము "రేటు పడిపోయింది కదా, దిగులుగా ఉన్నట్టున్నాడు, పంట అమ్ముడైతే అదే పోతుంది" అనుకున్నాం. పంట అమ్ముడైంది. దిగులు పోలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేసరికి మూడు నెలలు గడిచాయి. ఆ మూడు నెలల్లో ఏం చేసి ఉండాల్సిందో, తర్వాత డాక్టర్లనీ నర్సులనీ అడిగి ఏం తెలుసుకున్నామో వరసగా రాస్తున్నాను. మీ ఇంట్లో మనిషి చెరువులు చేసేవాడు కాకపోవచ్చు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన అన్నయ్య కావచ్చు, పురిటికి పుట్టింటికొచ్చిన చెల్లెలు కావచ్చు, హాస్టల్ నుంచి సెలవులకొచ్చిన పిల్లాడు కావచ్చు.

1. పాత మనిషితో పోల్చి చూడండి

"నా మనసు బాగోలేదు" అని మన వైపు ఎవరూ చెప్పరు. గుండెల్లో దడ అంటారు, కడుపులో మంట అంటారు, నరాలు లాగేస్తున్నాయంటారు, తల మీద బరువు పెట్టినట్టుందంటారు. అవి నాటకాలు కావు, నిజంగానే ఒంట్లో తెలుస్తాయి. బాబాయి రెండుసార్లు ఈసీజీ తీయించుకున్నాడు. రెండుసార్లూ బాగానే ఉందన్నారు. అక్కడే మాకు అనుమానం రావాల్సింది.

పక్కింటాయనతో పోల్చకండి. ఆరు నెలల కిందట ఇదే మనిషి ఎలా ఉండేవాడో గుర్తు తెచ్చుకోండి. పొద్దున్నే టీ కొట్టు దగ్గర పేపరు చదివి గంటసేపు రాజకీయాలు మాట్లాడే మనిషి ఇంట్లోంచి కదలడం లేదా? పెళ్ళి భోజనంలో పులస గురించి కథలు చెప్పే మనిషి విస్తరి ముందు కూర్చుని కెలుకుతున్నాడా? నరసాపురం వైపు ఇళ్ళల్లో ఆడవాళ్ళు లేసు అల్లుతూ కబుర్లు చెప్పుకుంటారు. అలా కూర్చునే అత్తయ్య దారం ఉండ అలాగే వదిలేసి గోడకేసి చూస్తూ కూర్చుంటోందా? ఇలాంటివే కొలతలు.

డాక్టర్లు సాధారణంగా రెండు వారాలు చూస్తారు. రెండు వారాలకు మించి దాదాపు రోజంతా దిగులుగానో, దేని మీదా ఆసక్తి లేకుండానో ఉండి, దానికి తోడు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతింటే అది డిప్రెషన్ కావచ్చు. నిద్ర సంగతి ప్రత్యేకంగా అడగండి. పడుకోగానే నిద్ర పట్టినా, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్ళీ పట్టకపోవడం, పొద్దున్న పూట దిగులు మరీ ఎక్కువగా ఉండి సాయంత్రానికి కాస్త తేలికపడటం డిప్రెషన్‌లో తరచూ కనిపిస్తాయి. మగవాళ్ళలో దిగులు చాలాసార్లు కోపంలా బయటికొస్తుంది, లేదంటే మందు సీసాలోకి పోతుంది. ఇంట్లోవాళ్ళు "తాగుడు ఎక్కువైంది" అంటారు తప్ప "ఎందుకు ఎక్కువైంది" అని అడగరు.

అన్నీ డిప్రెషన్ కావు. రాత్రికి రెండు గంటలే పడుకుని కూడా అలసట లేకుండా, గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతూ, ఉన్నపళంగా కోట్ల వ్యాపారం మొదలుపెడతానంటూ అప్పులు చేస్తుంటే అది ఉన్మాద దశ కావచ్చు. ఎవరూ లేకుండానే గొంతులు వినిపిస్తున్నాయన్నా, ఎదురింటివాళ్ళు తనమీద కుట్ర చేస్తున్నారని కిటికీలు మూసేస్తున్నా అది వేరే జబ్బు. ఈ రెండింటికీ డాక్టరు దగ్గరికి వెళ్ళడం వాయిదా వేయకూడదు.

బాలింతల విషయం కూడా చెప్పాలి. ప్రసవమైన కొద్దిరోజులకు ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లోపు సర్దుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే బాలింత డిప్రెషన్ అనుకోవాలి. నిద్రే లేకుండా, పొంతన లేకుండా మాట్లాడుతూ, బిడ్డ గురించి వింత భయాలు చెబుతుంటే అది అత్యవసరం. "గాలి సోకింది" అని తాయెత్తు కట్టి ఊరుకుంటే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదమే.

పెద్దవాళ్ళు ఒకటి రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడితే ముందు ఒంటి జబ్బు అనుకోవాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం తగ్గడం, ఎండదెబ్బ, ఏవైనా కావచ్చు. అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. నెలల తరబడి సాగే నీరసానికీ దిగులుకీ థైరాయిడ్, రక్తహీనత, బి12 లోపం కారణమయ్యే అవకాశం ఉంది కాబట్టి ఆ పరీక్షలు చేయించమని డాక్టరుని మీరే అడగవచ్చు.

2. మాట కలపండి, ఎదురుగా కూర్చుని కాదు

మేము చేసిన మొదటి తప్పు పంచాయతీ పెట్టడం. ఆదివారం పూట అందరం హాల్లో కూర్చుని, బాబాయిని మధ్యలో కూర్చోబెట్టి, "ఏమైంది చెప్పు" అన్నాం. ఆయన "ఏం లేదు, బాగానే ఉన్నాను" అని లేచి వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

పక్కపక్కనే ఉన్నప్పుడు మాట తేలిగ్గా వస్తుంది. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, కాలవ గట్టు మీద నడుస్తున్నప్పుడు, లాకుల దగ్గర నీళ్ళు చూస్తూ నిలబడ్డప్పుడు. ఒకరే వెళ్ళండి. మొదటి మాట మీరు కళ్ళారా చూసిన దాని గురించే ఉండాలి.

"బాబాయ్, నువ్వు రాత్రిళ్ళు పడుకోవట్లేదని పిన్ని చెప్పింది. చెరువు మీదికి కూడా వెళ్ళట్లేదంటగా?"

"వెళ్ళి ఏం చేస్తాంరా."

"అది కాదు, ఎలా ఉంటోంది నీకు?"

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకు నోరు దురద పెట్టింది, ఏదో ఒకటి చెప్పి ధైర్యం చెప్పేద్దామని. ఆగాను. ఆ నిశ్శబ్దం పోయాక ఆయనే అన్నాడు: "పొద్దున్న లేవాలంటే ఒళ్ళంతా బురదలో కూరుకుపోయినట్టుందిరా."

నోటి చివర సిద్ధంగా ఉండే కొన్ని మాటలు ఉన్నాయి. "నీకేం తక్కువ?", "నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళు లేరా?", "ధైర్యంగా ఉండాలి మగాడన్నాక", "నలుగురూ ఏమనుకుంటారు?" వీటిని మింగేయండి. జ్వరం వచ్చినవాడిని "ధైర్యంగా ఉండు, ఒళ్ళు చల్లబడుతుంది" అనం కదా. వాటి బదులు "ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?", "రోజులో ఏ వేళ ఎక్కువగా ఉంటోంది?", "నేను పక్కన ఉంటాను, నాకేం పని చెబుతావు?" అని అడగండి. ఒక్కసారికి ఏమీ చెప్పకపోతే మళ్ళీ నాలుగు రోజుల తర్వాత అడగండి. వదిలేయకూడదు, పీడించకూడదు.

3. చావు మాట అడగడానికి భయపడొద్దు

ఈ భాగం కొంచెం నెమ్మదిగా చదవండి.

"అడిగితే లేనిపోని ఆలోచన పుడుతుందేమో" అని అందరికీ భయం. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. చాలామందికి ఎవరో ఒకరు అడిగినందుకు బరువు దిగినట్టుంటుంది. మెలికలు తిప్పకుండా అడగండి: "ఇంత కష్టంగా ఉన్నప్పుడు చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందా?" అవునంటే తిట్టకండి, ఒట్టు వేయించుకోకండి, ఏడవకండి. ఏడుపొస్తే వచ్చింది, ఫరవాలేదు, కానీ అక్కడినుంచి లేచి వెళ్ళకండి. తర్వాత ప్రశ్న, "ఎలా అని ఏమైనా అనుకున్నావా? ఎప్పుడైనా?" ఆలోచన మాత్రమే ఉంటే ఒకటి రెండు రోజుల్లో డాక్టరుకి చూపించాలి. పద్ధతీ సమయమూ కూడా అనుకుని ఉంటే ఆ మనిషిని ఒక్క క్షణం ఒంటరిగా వదలకూడదు. ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

నోటితో చెప్పనివాళ్ళు చేతలతో చెబుతారు. అప్పుల పుస్తకం ఉన్నట్టుండి భార్య చేతిలో పెట్టడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకపోయినా పిల్లల్ని చూసుకో" అనడం. ఎన్నో రోజులు అల్లాడిన మనిషి హఠాత్తుగా ప్రశాంతంగా కనబడితే కూడా "హమ్మయ్య, తగ్గింది" అని వెంటనే నమ్మేయకండి, అడగండి.

మన ప్రాంతంలో ఒక ముఖ్యమైన పని ఉంది. వరి చేసే ప్రతి ఇంట్లో, కొబ్బరి తోట ఉన్న ప్రతి ఇంట్లో వరండాలోనో వంటింటి అటక మీదో పురుగుమందు, కలుపుమందు డబ్బాలు ఉంటాయి. వాటిని ఈ రోజే తీసేయండి. దూరంగా ఉన్న బంధువుల ఇంట్లో తాళం వేసి పెట్టించండి, తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉండాలి. శ్రీలంకలో 1995 నుంచి అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. ఆ తలపు వచ్చిన ఆ కాసేపు చేతికి ఏమీ అందకపోతే చాలామంది బతుకుతారు. ఇంట్లో ఉన్న నిద్రమాత్రలు, మిగతా మందులు కూడా ఒకరి ఆధీనంలో ఉంచండి.

ఇప్పటికే ఏదైనా తాగేసి ఉంటే 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్ళు తాగించి కక్కించకండి. మన ఊళ్ళల్లో ముందు చేసేది అదే, కానీ ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. బట్టల మీద పడితే తీసేసి ఒళ్ళు సబ్బుతో కడగండి, ఆ డబ్బా కూడా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. కేసవుతుందని ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయొద్దు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ లేనే లేదు.

ఎవరితో మాట్లాడాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడవచ్చు. జబ్బు మనిషే చేయనక్కర్లేదు, చూసుకునేవాళ్ళు చేసినా చెబుతారు. అర్ధరాత్రి పిన్ని ఒకసారి వంటింట్లో కూర్చుని చేసింది.

4. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం

"పిచ్చి డాక్టరు దగ్గరికి నేను రాను" అనే మాట తప్పకుండా వస్తుంది. జబ్బు పేరు మీద వాదన పెట్టుకోకండి. ఆయన్ని బాధపెడుతున్న దాన్నే పట్టుకోండి. బాబాయి నిద్ర కోసం ఒప్పుకున్నాడు. "ఒక్కసారి వెళ్ళొద్దాం, నిద్రకి ఏమంటారో చూద్దాం, నచ్చకపోతే మళ్ళీ రానక్కర్లేదు" అన్నాను. అబద్ధం చెప్పి మాత్రం తీసుకెళ్ళకండి. షాపింగ్ అని చెప్పి ఆస్పత్రి ముందు బండి ఆపితే ఆ తర్వాత మీ మాట ఎప్పటికీ నమ్మరు.

ఎక్కడికి? మందులు రాసేది సైకియాట్రిస్ట్, అంటే ఎంబీబీఎస్ తర్వాత ఆ చదువు చదివిన డాక్టరు. మాటల ద్వారా చికిత్స చేసేది సైకాలజిస్ట్. కాకినాడ ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక విభాగం ఉంది. విశాఖపట్నం చినవాల్తేరులో ప్రత్యేకంగా ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దగ్గర్లోని పట్టణాల్లో ప్రైవేటు డాక్టర్లూ ఉంటారు. ఏదీ కుదరకపోతే మీ పీహెచ్‌సీ డాక్టరుతో మొదలుపెట్టండి, లేదా ఏఎన్ఎంని అడగండి, దారి చెబుతారు.

వెళ్ళేముందు ఒక కాగితం రాసుకోండి. అక్కడికెళ్ళాక అన్నీ మర్చిపోతాం.

– మార్పు ఎప్పుడు మొదలైంది, దానికి ముందు ఏం జరిగింది
– నిద్ర, తిండి, బరువు, పని, తాగుడు: ఎంత, ఎప్పటినుంచి
– చావు గురించి ఏమన్నారు, వాళ్ళ మాటల్లోనే
– ఇంతవరకు వాడిన మందులన్నీ, ఆర్ఎంపీ ఇచ్చినవీ, నాటు మందులూ కలిపి
– కుటుంబంలో ఇంకెవరికైనా ఇలా ఉండిందా

చివరిదానికి నిజం చెప్పడం అన్నిటికంటే కష్టం. మా ఇంట్లో తాతమ్మ సంగతి ఎవరూ ఎత్తరు, "గోదారి స్నానానికి వెళ్ళి తిరిగి రాలేదు" అంటారంతే. ఆ రోజు డాక్టరు గదిలోనే మొదటిసారి పిన్ని అసలు సంగతి బయటపెట్టింది.

భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్దామనే పెద్దలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. నేను వాళ్ళతో గొడవ పడటం మానేశాను. గుడికెళ్ళండి, మొక్కుకోండి, దిష్టి తీయండి, డాక్టరు మందు మాత్రం ఆపొద్దు అన్నాను. కొట్టడం, పొగ పెట్టడం, కట్టేయడం అంటే మాత్రం ససేమిరా. గొలుసులతో కట్టేయడాన్ని 2017 చట్టమే నిషేధించింది.

5. మందులు: ఇక్కడే చాలామంది జారిపోతారు

డిప్రెషన్ మందు వేసిన రెండో రోజే నవ్వు రాదు. పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటివారం కడుపులో తిప్పడం, తలనొప్పి, గాభరా ముందే వస్తాయి. అంటే మేలు కనబడకముందే ఇబ్బంది కనబడుతుంది. సరిగ్గా అప్పుడే "ఈ మందులు పడట్లేదు" అని ఆపేస్తారు. ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి, మరీ ఎక్కువైతే డాక్టరుకి ఫోన్ చేయండి. బాగైపోయాక కూడా కనీసం ఆరు నెలలు, ఇంకా ఎక్కువ కూడా వాడమంటారు. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.

ఊళ్ళో ఇచ్చే నిద్రమాత్రల గురించి జాగ్రత్త. అల్ప్రాజోలం లాంటివి నెలల తరబడి వాడితే అలవాటు పడిపోతాం, హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. తాగుడు కూడా అంతే. రోజూ బాగా తాగే మనిషిని ఇంట్లో తాళం పెట్టి ఒక్కసారిగా మాన్పించకండి. రెండు మూడు రోజుల్లో వణుకు, చెమట, లేనివి కనబడటం, ఫిట్స్ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. ఆస్పత్రిలోనే మాన్పించాలి.

లిథియం (ఉన్మాద దశలు వచ్చే జబ్బుకి ఇచ్చే మందు) వాడేవాళ్ళకి మన ఎండలు ఒక సమస్య. మే నెల ఉక్కపోతలో చెమట పోసి నీళ్ళు తగ్గితే రక్తంలో ఆ మందు మోతాదు పెరిగిపోతుంది. నీళ్ళు బాగా తాగాలి, ఉప్పు హఠాత్తుగా మానకూడదు, ఒంటినొప్పులకి మెడికల్ షాపులో అడిగి మాత్రలు మింగకూడదు. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, తూలడం కనబడితే వెంటనే డాక్టరుకి చెప్పాలి.

6. రోజువారీ తోడు

గోదావరి జిల్లాల్లో ప్రేమంటే ఇంకో గరిటె వడ్డించడం. ఆకలి చచ్చిపోయిన మనిషికి అది శిక్ష. కొంచెం కొంచెంగా, ఇష్టమైనది, మళ్ళీమళ్ళీ పెట్టండి. తినలేదని అలగకండి.

పని పూర్తిగా లాగేసుకోకండి, మొత్తం మీద పడేయకండి. బాబాయితో మొదలుపెట్టింది ఒక్క చెక్ ట్రే. మేత తిన్నాయో లేదో చూడటానికి చెరువులో దింపే ఆ ట్రేని పొద్దున్నే ఒకసారి పైకి లాగి చూసి రావడం, అంతే. నేను వెంట వెళ్ళేవాణ్ణి. పదిరోజులు ఏమీ మాట్లాడలేదు. పదకొండో రోజు ట్రేలో మిగిలిన మేత వేళ్ళతో తీసి "ఎక్కువేస్తున్నారు, తగ్గించమను" అన్నాడు. నాకు ఆ మాట చాలు.

అప్పుల సంగతి విడిగా చూడాలి. మందులు మేత డీలరు బాకీ తీర్చవు. అలాగని అప్పు తీరిపోతే జబ్బు పోతుందనీ అనుకోకూడదు. ఇంట్లో లెక్కలు తెలిసినవాళ్ళు ఒకరు కూర్చుని, ఎవరికెంత ఇవ్వాలో ఒకే పుస్తకంలో రాసి, డీలరుతోనూ బ్యాంకుతోనూ వాళ్ళే మాట్లాడాలి. కొన్నాళ్ళు ఆ ఫోన్లు జబ్బు మనిషికి రాకుండా చూడండి. భూములు అమ్మడం, ఊరు మారడం లాంటి పెద్ద నిర్ణయాలు ఆయన కుదుటపడేదాకా ఆపండి.

చుట్టాలకి ఏం చెప్పాలో ఆయన్నే అడగండి. మేము "నిద్ర సరిగ్గా పట్టట్లేదు, మందులు వాడుతున్నాడు" అన్నాం. అంతకంటే ఎవరికీ అవసరం లేదు.

7. పిన్ని సంగతి

ఆరు నెలలు పిన్నిని ఎవరూ "నువ్వెలా ఉన్నావు" అని అడగలేదు. ఆమెకి బీపీ వచ్చాక గుర్తొచ్చింది. అప్పటినుంచి వారంలో రెండు సాయంత్రాలు నేనో మా చెల్లెలో బాబాయి దగ్గర ఉంటాం, ఆమె లేసు పని చేసే వాళ్ళ దగ్గరికి వెళ్తుంది. చూసుకునే మనిషికి కోపం వస్తుంది, విసుగొస్తుంది, ఒక్కోసారి "ఇదంతా ఎప్పుడు పోతుందిరా దేవుడా" అనిపిస్తుంది. అందులో పాపం లేదు. వంతులు వేసుకోవాలి, అది ఒక్కటే మందు.

8. మళ్ళీ వస్తుందేమో అని

రావచ్చు. అందుకే బాబాయి కుదుటపడ్డాక ఆయనతోనే ఒక కాగితం రాయించాం. ఈసారి మొదలైతే ముందుగా ఏం కనబడుతుంది, అప్పుడు ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఏ డాక్టరు, ఏ మందు తనకి పడింది, ఏది పడలేదు. తను నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటే తన తరఫున ఎవరు మాట్లాడాలో కూడా రాశాడు. అలా ఒకరిని నియమించుకునే హక్కు 2017 చట్టంలో ఉంది.

ఆ కాగితం ఇప్పుడు వంటింట్లో క్యాలెండర్ వెనక ఉంది. అందులో మొదటి గుర్తు బాబాయి తన చేతి రాతతోనే రాశాడు: "ఏరియేటర్ ఆగినా లేవకపోతే."